నీళ్లకంటే ముందు

"నాకు నొప్పంటే లెక్కలేదు మేడమ్. కబడ్డీలో రెండుసార్లు మోచెయ్యి విరగ్గొట్టుకున్నాను," అన్నాడు లోహిత్, కుర్చీలో కూర్చుంటూ.

"మంచిది. ఈ గుడ్డ పళ్ల మధ్య పెట్టుకో," అంది సింధూర.

ఆ జూన్‌లో కెమిస్ట్రీ పరిశోధనకు చేరిన ఇరవై ఇద్దరిలో అతను మొదటివాడు. అతని ఎడమ ముంజేతికి వెడల్పాటి బూడిదరంగు పట్టీ కట్టారు. ఎదురు కుర్చీలో కూర్చున్న సింధూర చేతికీ అలాంటిదే కట్టారు. రెండు పట్టీలకూ మధ్య ఒక సన్నటి తీగ. ప్రొఫెసర్ మార్కండేయులు గోడ గడియారం చూసి మీట నొక్కాడు.

లోహిత్ కళ్లు ముందు పెద్దవయ్యాయి. తరవాత మెడ వెనక్కి విరుచుకుంది. గుడ్డ కొరికిన పళ్ల మధ్య నుంచి దూడ అరిచినట్టు ఒక అరుపు వచ్చింది. సింధూర అరవలేదు. అరవడం మానేసి రెండేళ్లయింది. ఆమె కూడా కాలుతోంది, అతనికంటే ఎక్కువగానే కాలుతోంది. కాకపోతే ఎప్పుడు ఆగుతుందో ఆమెకు తెలుసు. నలభై సెకన్లు. చివర్లో చల్లటి నీళ్లు తగిలినట్టవుతుంది. అక్కడితో అయిపోతుంది.

అయిపోయాక లోహిత్ అమ్మను పిలిచి ఏడ్చాడు. చేతి మీద చిన్న మచ్చ కూడా లేదు. తిప్పి తిప్పి చూసుకున్నాడు. తరవాత ఎవరూ చెప్పకుండానే లేచి వెళ్లి కళ్లద్దాలు, గ్లవ్స్, నిండు చేతుల కోటు వేసుకుని గోడ వారగా నిలబడ్డాడు.

"చూశావా," అన్నాడు మార్కండేయులు. "నేను పదేళ్లు అరిచి చెప్పాను, గోడల నిండా కాగితాలు అంటించాను. ఒక్కడు వినలేదు. ఇప్పుడు నలభై సెకన్లు చాలు. తరవాతి వాళ్లను పిలు."

ఆ పట్టీ ఆయన తయారుచేసిందే. నిజానికి ఆయన వెతికింది వేరు. తెగిన నరాలను అతికించే జిగురు కోసం ఏళ్ల తరబడి కష్టపడ్డాడు. అతికించడం కుదరలేదు గాని, ఆ జిగురు పూసిన పట్టీ నరం పడే బాధను పట్టుకోగలదని తేలింది. అప్పట్లో సింధూర ఆయన దగ్గర పరిశోధన చేస్తూ, పట్టీని తన చేతికే కట్టుకుని పరీక్షించేది. అలా కట్టుకుని పనిచేస్తున్న ఒక రోజు ఆమె చేతిలోని ఆమ్లం ఫ్లాస్కు పగిలింది. పక్క బల్ల దగ్గరున్న స్నేహితురాలు పరుగెత్తుకొచ్చి ఆమెను షవర్ కిందికి లాగి గొలుసు గుంజేసరికి నలభై సెకన్లయింది.

ఆ నలభై సెకన్లను కంప్యూటర్లో దాచాలని చూశారు. పూట తిరక్కుండా చెదిరిపోయింది. అది నిలిచేది ఒక్కచోటే, సింధూర చేతి నరంలో. ఎవరికైనా ఆ నొప్పి పాఠం చెప్పాలంటే ఆమె ఎదురుగా కూర్చోవాలి. ఆమె నరం మళ్లీ మొదటి నుంచీ కాలాలి.

మూడేళ్లలో ఆ ల్యాబులో ఏ విద్యార్థికీ వేలు కూడా కాలలేదు. మిగతా ఊళ్ల కాలేజీల నుంచి కూడా పిల్లలను బస్సుల్లో పంపడం మొదలుపెట్టారు.

*

ఆ కుర్చీలో కూర్చున్న రోజుల్లో ఇంట్లో సింధూర ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. కంచం పట్టుకోలేకపోయేది. ఆమె భర్త దామోదర్ ఓడరేవులో క్రేన్ నడుపుతాడు. డ్యూటీ నుంచి వచ్చి అన్నం కలిపి పెట్టేవాడు.

"డాక్టరు ఏమన్నాడు?" అన్నాడు ఆ రోజు.

"నరం పలచబడుతోందట. ఇంకో ఏడాది ఇలాగే కూర్చుంటే చెయ్యి చచ్చుబడుతుందన్నాడు."

"మరి మానెయ్యి."

"మానేస్తే థీసిస్? నాలుగేళ్ల పని ఆయన బీరువాలో ఉంది. ఆయన సంతకం లేకపోతే అది చిత్తుకాగితం."

"ఎప్పుడు పెడతాడట మరి, ఆ సంతకం?"

"నా చోటికి ఇంకొకరు వచ్చిన రోజు."

దామోదర్ ముద్ద చేతిలోనే ఉంచుకుని ఆమెను చూశాడు. "ఇంకొకరు ఎలా వస్తారు సింధూ? ఎవరికో కాలాలి కదా."

ఆమె వసారా వైపు తిరిగింది.

వసారాలో వాళ్ల ఆరేళ్ల కూతురు మిన్ని ఆడుకుంటోంది. పక్కింటి పిల్లాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, వాడి చేతికి జడ రిబ్బను చుట్టి, గోళ్లతో గిల్లిపట్టుకుని లెక్కపెడుతోంది. ఇరవై దాటేసరికి వాడు గొల్లుమన్నాడు. "నలభై దాకా ఏడవకూడదు. మా అమ్మ ఏడవదు తెలుసా," అంది మిన్ని, గిల్లడం ఆపకుండా.

సింధూర వెళ్లి కూతురి చెయ్యి విడిపించింది. కొట్టబోయి, ఏ చెయ్యి ఎత్తాలో తెలియక ఊరుకుంది.

*

మర్నాడు ఆమె మార్కండేయులు గదికి వెళ్లి డాక్టరు కాగితం బల్ల మీద పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"నాకూ బాధగానే ఉందమ్మా. పైగా పాఠం కూడా పలచబడుతోంది. నిన్న చివర్లో వచ్చిన ముగ్గురు పెద్దగా అరవలేదు, గమనించావా? మనకు కొత్త చెయ్యి కావాలి."

"ఎవరైనా ఒప్పుకుంటారేమో అడుగుదాం సర్."

"కావాలని కాల్చడానికి ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. ప్రమాదంలో కాలితే ఒప్పుకుంటుంది. మన ల్యాబులో ప్రమాదాలు లేవు. అది నీ పుణ్యమే." ఆయన సొరుగు తీసి కొత్త పట్టీ ఒకటి ఆమె ముందు పెట్టాడు. "దీన్ని షవర్ పక్క పెట్టెలో ఉంచు. నువ్వు ఎప్పుడూ అక్కడే ఉంటావు కదా. నీకైతే ప్రమాదానికి అరగంట ముందు నుంచే పట్టీ ఉంది, జిగురు పట్టేసింది. కొత్త చేతికైతే రెండు మూడు నిమిషాలు పడుతుంది. పట్టగానే ఇక్కడ పచ్చ దీపం వెలుగుతుంది. పట్టీ ఆలస్యంగా కట్టినా, మంట మొదలైన క్షణం నుంచి ఆరిన క్షణం దాకా అంతా నరంలో ఉండిపోతుంది. పచ్చ దీపానికి ముందే తడి తగిలిందా, జిగురు ఇక పట్టదు."

"కాలిన చేతిమీద వెంటనే నీళ్లు పొయ్యాలి కదా సర్. పావుగంట పాటు. మనం చెప్పే మొదటి పాఠం అదే."

"అవును. పొయ్యాలి. పట్టీ కట్టాలి, నీళ్లు పొయ్యాలి."

"ముందు ఏది సర్?"

ఆయన కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు. ఆమె పట్టీ తీసుకుని బయటికి వచ్చేసింది.

*

ఆ ల్యాబులో గాజు సామాను కడిగేది అసిరమ్మ. యాభై దాటిన మనిషి. పొందూరు దగ్గరి పల్లె. పదిహేనేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. పూర్వం విద్యార్థులే ఎవరి ఫ్లాస్కు వాళ్లు ఒకసారి కడిగి, లోపల ఏముందో చీటీ అంటించి తొట్టి దగ్గర పెట్టేవారు. కుర్చీ వచ్చాక ఆ అలవాటు పోయింది. నొప్పి ఎరిగిన పిల్లలు ఆమ్లం సీసాను చూస్తేనే వణికేవారు. ప్రయోగం అయిపోగానే మిగిలింది మిగిలినట్టు పట్టకారుతో తెచ్చి తొట్టిలో దింపి, వెనక్కి తిరిగి చూడకుండా పోయేవారు. చీటీ రాయాలంటే సీసా పట్టుకోవాలి కదా, అదీ మానేశారు.

"ఇదేటమ్మా, ఈ సీసాకి పేరు నేదు," అని అసిరమ్మ వారానికి నాలుగుసార్లయినా సింధూరను అడిగేది. "మీ గుంటలకి ఏటైనాది? మునుపు నాతో కూకొని కబుర్లు సెప్పేవోరు. ఇప్పుడు నానేదో దెయ్యాన్నయినట్టు తొట్టికాడికి రారు."

"భయం వాళ్లకు. గ్లవ్స్ వేసుకుని కడుగు అసిరమ్మా."

"ఏసుకుంటే జారిపోతాయమ్మా సీసాలు. పగిల్తే నన్ను ఒగ్గెత్తారా?"

ఆమెకు ఆ శిక్షణ ఇవ్వాలని సింధూర ఒకసారి అడిగింది కూడా. జాబితాలో విద్యార్థుల పేర్లే ఉండాలి, కడిగేవాళ్లు ఊడ్చేవాళ్లు అందరూ వస్తే ఎక్కడికని పోతాం, అన్నారు ఆఫీసులో. ఒక మనిషి తగ్గితే ఒకసారి కాలడం తగ్గుతుంది. అందుకని సింధూర మళ్లీ అడగలేదు.

ఆగస్టులో ఒక బుధవారం పొద్దున పదకొండు గంటలకు పిల్లలంతా సెమినార్ హాలుకు పోయారు. ల్యాబులో సింధూర తన బల్ల దగ్గర కాగితాలు చూసుకుంటోంది. తొట్టి దగ్గర అసిరమ్మ ఏదో కూనిరాగం తీస్తోంది. పేరు లేని సీసా ఒకటి ఆమె చేతికి వచ్చింది. అడుగున రెండు వేళ్లెత్తున నూనెలా చిక్కగా ఏదో ఉంది. చిక్కటి ఆమ్లంలో నీళ్లు పోస్తే ఉడికి చిమ్ముతుందని అక్కడ ప్రతి విద్యార్థికీ తెలుసు. అసిరమ్మ నూనె జిడ్డనుకుని కుళాయి తిప్పి సీసాను దాని కింద పెట్టింది.

పెనం మీద నీళ్లు పడ్డ చప్పుడైంది. సీసా ఆమె చేతిలోనే చిమ్మింది. కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా తడిసింది. బెదిరి వెనక్కి పడి, బల్ల కాలికి ఆనుకుని కూర్చుండిపోయింది.

"అమ్మా," అంది అసిరమ్మ. అరుపు కాదు, మామూలుగా పిలిచినట్టే పిలిచింది. తరవాత అరిచింది.

సింధూర పరుగెత్తింది. ఆ చోటు నుంచి షవర్ నాలుగడుగులు. గొలుసు వేలాడుతోంది. దాని పక్కనే పెట్టె. ఎన్ని వందల మందికి చెప్పిందో ఆమె, ఆలోచించకండి, మనిషిని లాగి గొలుసు గుంజండి అని. ఆమె కుడి చెయ్యి గొలుసు మీదికి వెళ్లింది కూడా. ఎడమ చెయ్యి పెట్టె తెరిచింది.

పట్టీ కట్టడం ఆమెకు కళ్లు మూసుకున్నా వచ్చు. మోచేతి పైన, కాలని చోట చుట్టి బిగించింది.

"నీల్లమ్మా. నీల్లు పొయ్యమ్మా."

"పోస్తాను. ఒక్క నిమిషం ఓర్చుకో."

"తల్లీ, నీల్లు."

"ఇదిగో, అయిపోయింది."

పట్టీ మీద దీపం ఎర్రగా ఉంది. సింధూర దాన్నే చూస్తోంది. కింద ఆ చేతి మీద ఏమవుతోందో ఆమెకు చూడనక్కరలేకుండానే తెలుసు. మొదటి నలభై సెకన్లు ఆమె ఎరిగినవే. ఆ తరవాత ఎలా ఉంటుందో ఆమెకూ తెలియదు. వాసన వచ్చింది. అసిరమ్మ అరవడం మాని, ఆమె చీర కుచ్చెళ్లు పట్టుకుని గుంజింది. కాసేపటికి ఆ పట్టు కూడా వదిలేసింది. దీపం ఎర్రగానే ఉంది. ఇక చాలు, తీసేస్తాను, అనుకుంది సింధూర. ఇంతసేపు కాలిందంతా ఊరికే పోతుంది కదా అనుకుంది. ఇంకో పది అంకెలు లెక్కపెట్టింది. మళ్లీ పది.

పచ్చ దీపం వెలిగాక ఆమె అసిరమ్మను చంకల కింద పట్టి షవర్ కిందికి లాగి, గొలుసు గుంజింది. పావుగంట పాటు, నియమం ప్రకారం, ఒక్క నిమిషం కూడా తగ్గకుండా నీళ్లు పట్టింది. తనూ తడిసింది. మనుషులు పరుగెత్తుకొచ్చేసరికి తడి బట్టలతో అసిరమ్మను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చూసినవాళ్లకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

*

ఆసుపత్రికి మార్కండేయులు పళ్లు, కాగితాలు తీసుకుని వచ్చాడు. అసిరమ్మకు ఉద్యోగం పర్మనెంటు చేస్తారు, శిక్షణ సహాయకురాలు అని పేరు, కడిగే పని ఇక ఉండదు, అని చెప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. ఆయన వెళ్లాక అసిరమ్మ ఆ కాగితాన్ని సింధూర చేతికిచ్చింది.

"ఎట్టీమంటావా అమ్మా?"

"పెట్టు అసిరమ్మా. పదిహేనేళ్లుగా ఎదురుచూస్తున్నావు కదా."

"నువ్వు కూకుంటావే, ఆ కుర్సీయేనా? నొప్పెడతాదా?"

"ఉంటుంది."

"ఇంతకన్నానా?"

"ఇంతే."

"ఇంతే అయితే ఓర్సుకోనేనా. ఓ పాలి ఓర్సుకున్నాను గందా." కుడి చెయ్యి కట్లలో ఉంది. ఎడమ చేత్తో వంకర టింకరగా పేరు రాసింది. "నువ్వు నేకపోతే నాను సచ్చిపోదునమ్మా. మా ఓలందరికీ అదే సెప్పినాను. మా కోడలు నీకు దండం ఎట్టమంది."

సింధూర కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

నెల తిరగకముందే థీసిస్ మీద సంతకం పడింది. ఫిబ్రవరిలో ఆమె డాక్టర్ సింధూర అయింది. భద్రతా శిక్షణ మొత్తం ఆమె చేతికే ఇచ్చారు. ఎడమ చేతిలోకి మెల్లమెల్లగా బలం వచ్చింది. ఇంట్లో తన కంచం తనే పట్టుకుంది. మిన్నికి రెండు జడలు వేసింది. ఆమె ముఖంలోకి చూసి దామోదర్ ఒకసారి, "ఆవిడకి ఎలా ఉంది?" అని అడిగాడు. "బాగానే ఉంది, పర్మనెంటు అయింది," అంది. అతను మళ్లీ అడగలేదు.

*

జూన్‌లో కొత్త పిల్లలు ఇరవై నలుగురు వచ్చారు. అసిరమ్మ కొత్త చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుంది. పిల్లలు తనను మేడమ్ అని పిలుస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మొదట పిలిచిన అమ్మాయి పేరు చైత్ర. సన్నటి పిల్ల, అడిగిన వాటికి తొందరగా జవాబు చెప్పే రకం. ఇద్దరికీ పట్టీలు కట్టి, సింధూర గడియారం చూసి మీట నొక్కింది.

నలభై సెకన్లు గడిచాయి. ఎన్నేళ్ల అలవాటో, సింధూర ఊపిరి వదలబోయింది. ఏమీ ఆగలేదు. నిమిషం దాటింది. చైత్ర గుడ్డ ఉమ్మేసి అరిచింది. రెండు నిమిషాలు. గోడ వారన నిలబడ్డ పిల్లల్లో ఒకరు బయటికి పరుగెత్తి వాంతి చేసుకున్నారు. అసిరమ్మ కళ్లు తేలేసి, "నీల్లు, నీల్లు," అంటోంది. మార్కండేయులు చేతులు కట్టుకుని గడియారం చూస్తూ నిలబడ్డాడు. మూడు నిమిషాలు. ఇంకో పది సెకన్లకు ఇద్దరి ఒళ్లూ ఒక్కసారిగా సడలిపోయాయి. నీళ్లు తగిలాయన్నమాట.

చాలాసేపటికి చైత్ర తలెత్తింది. జుట్టు చెమటకు నుదుటికి అంటుకుపోయింది. ఎదురుగా గడియారం చూసి, వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది.

"మేడమ్, ఆ రోజు ల్యాబులో ఎవరూ లేరా?"

సింధూర పట్టీ విప్పుతోంది. జవాబు అసిరమ్మే చెప్పింది, ఆయాసపడుతూనే. "ఎందుకు నేరమ్మా? అమ్మ ఉంది కదా. నా పక్కనే ఉంది. సిటికెలో వొచ్చి నీల్లు పోసీసినాది. నేకపోతే నాను ఇయ్యాల నీ ఎదర కూకుందునా?"

చైత్ర అసిరమ్మను చూసింది. సింధూరను చూసింది. లేచి వెళ్లి కోటు వేసుకుంది.

శిక్షణ అయ్యాక పిల్లలంతా ఒక కాగితం రాసివ్వాలి. ఈ ప్రమాదంలో ఎక్కడెక్కడ తప్పు జరిగింది, అన్నదే ప్రశ్న. నాలుగో రోజు సాయంత్రం ఇరవై నాలుగు కాగితాలూ ముందేసుకుని సింధూర దిద్దడానికి కూర్చుంది. సీసాకు చీటీ లేదు. గ్లవ్స్ లేవు. ఆమ్లంలో నీళ్లు పోశారు. కడిగే మనిషికి శిక్షణ లేదు. అన్నీ ఒప్పే. చైత్ర కాగితంలో ఇవేవీ లేవు. "షవర్ దగ్గరలో ఉంది. మనిషి పక్కనే ఉంది. నీళ్లు మాత్రం మూడు నిమిషాల పది సెకన్లకు పడ్డాయి. అంతసేపు ఆమె ఏం చేసిందో నాకు అర్థం కాలేదు," అని రాసింది.

సింధూర ఆ కాగితానికి పదికి పది వేసింది. అంతకంటే సరైన జవాబు లేదు.

మార్కండేయులు వచ్చి కాగితాలన్నీ తిరగేశాడు. చైత్రది ఆగి చదివాడు.

"తెలివైన పిల్ల. మంచి ప్రశ్న ఇది," అన్నాడు. "రేపు బయటి కాలేజీ వాళ్లు యాభై మంది వస్తున్నారు కదా, వాళ్ల దగ్గర దీన్నే చర్చకు పెట్టు. ప్రమాదంలో ఆలస్యం ఎలా జరుగుతుంది, మనుషులు ఎందుకు కొయ్యబారిపోతారు, ఇలాంటివి. నీకంటే బాగా చెప్పగలవాళ్లు ఎవరున్నారు?"

"యాభై మందా సర్? అసిరమ్మ తట్టుకోగలదా?"

"గట్టి చెయ్యి. నీ చేతికంటే ఎక్కువ కాలం వస్తుంది," అని ఆయన దీపం ఆర్పి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి బస్సులు వచ్చాయి. అసిరమ్మ అప్పటికే కుర్చీలో ఉంది. రాత్రంతా నిద్రలేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెయ్యి బల్ల మీద చాపి, జాకెట్టు చెయ్యి పైకి జరుపుకుంది.

"రామ్మా, పిల్లలొచ్చీసినారు," అంది. "కుసింత గట్టిగా కట్టమ్మా ఇయ్యాల. నిన్న జారిపోతే మల్లీ మొదట్నించీ ఎట్టీసినారు."

సింధూర పట్టీ చుట్టి, జారకుండా గట్టిగా బిగించింది.